1942 వైజాగ్ బాంబింగ్ మీద షార్ట్ ఫిల్మ్ - పెద్దవాళ్లని ఎలా మాట్లాడించాలి?

వన్‌టౌన్_కుర్రాళ్లు:
1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ హార్బర్ మీద బాంబులు వేశాయి కదా, దాని మీద మా వీధి కుర్రాళ్లం కలిసి ఫోన్‌తోనే చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నాం. అప్పటికి పదేళ్లున్నవాళ్లకి కూడా ఇప్పుడు తొంభై దాటాయి. దొరికినవాళ్లేమో కెమెరా పెట్టగానే "ఏముంది నాయనా, బాంబులు పడ్డాయి, పారిపోయాం" అని ఊరుకుంటున్నారు. ఒక మామ్మగారు మాత్రం కిటికీలకి నల్ల కాగితాలు అంటించామని, అర్ధరాత్రి సముద్రంలో పెద్ద చప్పుడైందని భలే చెప్పారు. దానితోనే మొదలుపెడదామా? హార్బర్ మీద డ్రోన్ ఎగరేయనిస్తారా?

రిటైర్డ్_పోర్టు:
డ్రోన్ సంగతి మర్చిపో బాబూ, అది నేవీ ఏరియా, లేనిపోని తలనొప్పి. మామ్మగారు చెప్పింది మాత్రం 1971 యుద్ధం అని నా అనుమానం. జపాన్ వాళ్లు వచ్చింది పట్టపగలు. అర్ధరాత్రి చప్పుడంటే డిసెంబర్ 3 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పటిది. బ్లాకౌట్, అంటే శత్రువులకి ఊరు కనపడకుండా దీపాల వెలుగు బయటికి రానివ్వకపోవడం, అప్పుడూ ఉంది. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు, రెండు యుద్ధాలు చూసిన మనిషికి అవి కలిసిపోవడం మామూలే. తారీఖులు అడగొద్దు. అప్పటికి మీకు పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడుగు. పిల్లల్ని మంచం కింద దాచానంటే 71, అమ్మ నన్నెత్తుకుని పరిగెత్తిందంటే 42.

సౌండ్_పిచ్చి:
మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా బయటికి తియ్యకండి బ్రో, కాలర్ మైక్ పెట్టి ఫ్యాన్ ఆపించి కబుర్లు చెప్పించండి, వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఆగి మళ్లీ అడగండి. బాంబుల గురించి కన్నా ఊరు ఖాళీ చేసినప్పుడు ఏ ఊరెళ్లారు, ఎడ్లబండి మీదా నడిచా, ఇంటి తాళం ఎవరికిచ్చారు అంటే నోరు విప్పుతారు. విజువల్స్‌కి నెట్‌లో దొరికే పెర్ల్ హార్బర్ క్లిప్పులు దయచేసి వద్దు, చిరాకొస్తుంది. విశాఖ మ్యూజియంలో పేలని జపాన్ బాంబు ఉంది, బీచ్‌లో అప్పటి కాంక్రీట్ బంకర్లున్నాయి, అవి చాలు.

వన్‌టౌన్_కుర్రాళ్లు:
అంకుల్, అడిగాం. అప్పటికి ఆవిడ ఒళ్లో పెద్దమ్మాయి ఉందట! ఇప్పుడు రెండు యుద్ధాలూ పెట్టేద్దామంటున్నారు మావాళ్లు.

కాకినాడ_కాజా:
పెట్టండి, కానీ మా ఊరిని వదిలేయకండి. అదే రోజు కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి, అందరూ వైజాగ్ వైజాగ్ అంటారు. ఇంకో సంగతి, బర్మాలోని రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన మనవాళ్లు ఎంతోమంది ఆ ఏడాదే జపాన్ వాళ్లకి భయపడి కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. మీ వీధిలోనే అలాంటి ఇళ్లు ఉండొచ్చు, "మీవాళ్లెవరైనా బర్మా వెళ్లారా" అని ఒక్క ప్రశ్న అదనంగా వేసి చూడండి. మా దగ్గర కూడా ఒక తాతగారున్నారు, ఆదివారం వస్తానంటే మాట్లాడి పెడతాను.