బర్మా యుద్ధంలో పోయిన మా పెదతాతగారి మరణ తేదీ, తిథి ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న

మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా తాతగారి అన్నగారు రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో చేరి, బర్మా వెళ్ళి తిరిగి రాలేదు. చనిపోయినట్టు తంతి వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పగా విన్నామే తప్ప ఆ కాగితం ఇప్పుడు లేదు, ఆయన ఏ దళంలో పనిచేశారో చెప్పగలిగినవారూ లేరు. మిగిలినవి రెండు పతకాలు, ఒక ఫొటో. తిథి తెలియదు కనుక ఏటా మహాలయ అమావాస్యనాడే మా నాన్నగారు ఆయన పేరు చెప్పి తర్పణం విడుస్తున్నారు. తండ్రిని చూసిన జ్ఞాపకమైనా లేని ఆయన కూతురు, అంటే మా మేనత్తగారు, ఎనభై దాటిన ఈ వయసులో ఆయన పోయిన రోజేదో, ఆయన పేరు ఎక్కడైనా రాసి ఉందో లేదో తెలుసుకోవాలని ఆశపడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం

ముందు ఆ పతకాల అంచును భూతద్దంతో చూడండి. భారత సైనికులకు ఇచ్చిన ఆనాటి పతకాల అంచు మీద సాధారణంగా సర్వీసు నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. మన పేర్లను అప్పటి గుమాస్తాలు తమ చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు, ఇంటిపేరును చాలాసార్లు వదిలేశారు కూడా. అందుకే పేరు కంటే నంబరునే నమ్ముకోవడం మేలు.

యుద్ధాల్లో మరణించిన సైనికుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సైనిక సేవలో మరణించినవారి వివరాలను ఉచితంగా వెతకవచ్చు. తూటా తగిలి పోయినవారే కాదు, జబ్బుతోనో ప్రమాదంలోనో పోయినవారూ అందులో ఉంటారు. చాలామందికి మరణ తేదీతో పాటు తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడా నమోదై ఉంటాయి కనుక, పేరు దొరకనప్పుడు ఊరి పేరును నాలుగైదు స్పెల్లింగులతో ప్రయత్నించండి.

మరో సమాధానం

సమాధి ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. హిందూ సైనికులను వీలైనచోట దహనం చేశారు, వీలుకాని అడవుల్లో ఎందరి దేహాలో దొరకనే లేదు. బర్మా పోరులో మరణించి, సమాధి ఎక్కడో తెలియని సుమారు 27,000 మంది పేర్లు యాంగోన్‌కు (అప్పటి రంగూన్) ఉత్తరాన తౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద ఉన్నాయి. ఇంఫాల్‌లో దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకు అక్కడే వేరే స్మారకం ఉంది.

ఢిల్లీలో అందరికీ తెలిసిన రెండు స్మారకాల మీద వెతికి లాభం లేదు. ఇండియా గేటు మీది పేర్లు మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే జరిగిన అఫ్గాన్ యుద్ధం నాటివి. 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నవారు స్వాతంత్ర్యం తరువాత అమరులైనవారు. ఈ రెంటి నడుమ మీ పెదతాతగారి తరానికి చోటు లేకపోయింది. తెల్లవాడి జీతానికి పోయారన్న చిన్నచూపు కూడా ఇందుకు కొంత కారణమని నా అనుమానం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయనీ, 1944లో ఆ సేన కోహిమా దాకా వచ్చిందనీ గుర్తున్నవారు అంత తేలికగా ఆ మాట అనలేరు.

మరో సమాధానం

తిథి విషయం చెబుతాను. తేదీ దొరికితే పాత పంచాంగం చూసి పురోహితులు తిథి చెప్పగలరు, కాని మరణ సమయం తెలియకుండా తేదీ ఒక్కటే ఉన్నప్పుడు ఆ రోజు రెండు తిథులు తగలవచ్చు, ఏది పట్టాలో పురోహితులనే నిర్ణయించమనండి. ఇంకొకటి, ఆయుధాల వల్ల మరణించినవారికి భాద్రపద బహుళ చతుర్దశిని, అంటే మహాలయ అమావాస్యకు ముందురోజును, శస్త్రహత మహాలయంగా పాటిస్తారు. ఆయన పోరులోనే పోయారని తేలితే అది మీకు వర్తిస్తుంది. జ్వరంతో పోయి ఉంటే వర్తించదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పతకం అంచు మీద నంబరు చదవగలిగాం, చివరి అంకె మాత్రం అరిగిపోయింది. దళం పేరు మద్రాస్ సాపర్లని (సైన్యంలోని ఇంజనీర్ల దళం) తెలుస్తోంది. ఇక ఎవరికి రాయాలి?

సమాధానం

చివరి అంకె పది రకాలుగా మార్చి ఆ వెబ్‌సైటులోనే చూడండి, పేరు దగ్గరగా కలిసేది ఒక్కటే ఉంటుంది. ఆ దళం కేంద్రం బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. అక్కడి రికార్డుల కార్యాలయానికి నంబరు, పేరు, ఊరు, మీ బంధుత్వం రాసి, పతకం అంచు ఫొటో జతచేయండి. ఉత్తరం మీ మేనత్తగారి సంతకంతో పంపండి, కూతురే అడుగుతున్నారంటే బంధుత్వం గురించి వేరే ప్రశ్నలు రాకపోవచ్చు.