అపస్పశా: "స్ప" ఎవరిది, "ప" ఎవరిది?

రాత్రిబండి
శీతకాల యుద్ధంలో (1939 నవంబరు 30 నుంచి 1940 మార్చి 13 దాకా) ఫిన్లాండ్ వాయుసేన ఆనవాళ్ళు పట్టడానికి వాడిన విమానాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. బ్లాక్‌బర్న్ రిపన్, ఫోకర్ సి.ఎక్స్, బ్లెన్‌హైమ్. వ్యాసం నెత్తిన పెడదామనుకున్న శ్లోకం సగమే గుర్తొస్తోంది. "నో భాతి రాజనీతి..." అని నడుస్తుంది, వేగులవాళ్ళు లేని రాజనీతి రాణించదని భావం. మాఘుడిదే అని నమ్మకం. చివర "స్పశా" నా, "స్పర్శా" నా? నిన్నట్నుంచి బుర్ర తొలిచేస్తోంది. పనిలో పని, ఈ విమానాన్ని తెలుగులో ఏమందాం? పేపర్లవాళ్ళ "గూఢచారి విమానం" నాకు మింగుడుపడటం లేదు.

బండి-ర
మాఘుడి శిశుపాలవధం రెండో సర్గ, కృష్ణుడికి ఉద్ధవుడు చెప్పే మాటలు.

అనుత్సూత్రపదన్యాసా సద్వృత్తిః సన్నిబంధనా
శబ్దవిద్యేవ నో భాతి రాజనీతిరపస్పశా

స్పర్శ కాదండీ. మీకు వినబడుతున్న రేఫ "నీతిః"లోని విసర్గది. సంధిలో రేఫమై కూర్చుంది, అంతే.

అరసున్న
శ్లోకం అందరికీ వచ్చు బండి-ర గారూ, విరుపు చెప్పండి. రాజనీతికైతే అప + స్పశా, వేగులు లేనిది. శబ్దవిద్యకైతే, అంటే వ్యాకరణానికైతే, అ + పస్పశా, పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికం (అధ్యాయభాగం) పస్పశ లేనిది. ఒకే "ప" ఒకసారి ముందు మాటకి తోక, ఇంకోసారి వెనక మాటకి తల. నన్నడిగితే మాఘుడికి ముందు తట్టింది పస్పశే. వేగులు తర్వాత వచ్చి చేరారు. వ్యాకరణం చదివినవాడి ముచ్చట ఇది, యుద్ధం చూసినవాడిది కాదు.

కొల్చారం
మా ఊరాయన రెండు విరుపులూ చెప్పే పోయాడు, మాఘుడి కావ్యానికి ఆయన రాసిన వ్యాఖ్య సర్వంకష తీసి చూడండి. మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారమని మర్చిపోయి కాశీ దాకా పోతారు అందరూ.

బండి-ర
మల్లినాథుడు రెండూ చెప్పాడు, ఏది ముందో చెప్పలేదు. ఉద్ధవుడు అక్కడ మాట్లాడుతున్నది చారుల గురించే. అదే ప్రసంగంలో అంతకుముందు "చారేక్షణో దూతముఖః" అని రాజుకి చారులే కళ్ళని ఒకసారి అన్నాడు. కాబట్టి స్పశే అసలు, పస్పశ కొసరు.

అరసున్న
ప్రసంగం ఉద్ధవుడిది, సరదా మాఘుడిది. రెండూ ఒకటి కావు.

టాంపెరే తెలుగు
విమానం సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను ముట్టుకుంటా. ఇక్కడ ఫిన్లాండ్‌లో వాళ్ళ మాట "తియెదుస్తెలు". చివర "తెలు" ఉందని మనవాళ్ళెవరైనా మొదలుపెట్టేలోపే చెబుతున్నా, సంబంధం లేదు. "తియెతో" అంటే తెలిసిన సంగతి, "తియెదుస్తెల్లా" అంటే వాకబు చేయడం, ఆరా తీయడం. దాంట్లో రహస్యం అన్న అర్థమే లేదు. 1944 ఫిబ్రవరిలో స్క్వాడ్రన్లకి చేసే పనిని బట్టి పేర్లు పెట్టినప్పుడు ఈ పని చేసేవాటికి "తియెదుస్తెలు లెంతోలైవుఎ" (ఆరా స్క్వాడ్రన్) అన్నారు. వేటవి వేరు, బాంబులవి వేరు, ఆరావి వేరు.

కాబట్టి నా ఓటు "ఆరా విమానం".

మెట్రో కవి
ఆరా విమానం అంటే పెళ్ళిసంబంధాలకి పంపేదిలా ఉంది.

రాత్రిబండి
టాంపెరే గారూ, థాంక్స్. నా ఇబ్బంది కూడా అదే. రిపన్ అసలు టార్పెడోలు వేయడానికి పుట్టిన ఇంగ్లీషు బైప్లేన్. లైసెన్సు తీసుకుని హెల్సింకి ఎదుట సుఒమెన్లిన్నా కోట దీవిలోని ఫ్యాక్టరీలో 25 కట్టుకున్నారు. 1939 వచ్చేసరికి అది ముసలిది. గంటకి 200 కిలోమీటర్లకి అటూఇటూ, పైకప్పు లేని సీట్లు, ఆ ఏడు చలేమో మైనస్ 40 దాకా దిగింది. పగలు ఎగిరితే సోవియట్ ఫైటర్లకి ఫలహారమే. అందుకే లదోగా సరస్సుకి ఉత్తరాన రాత్రిపూట పంపారు. చక్రాలు తీసి స్కీలు బిగిస్తే గడ్డకట్టిన సరస్సే రన్‌వే. మంచు మీద బళ్ళ జాడ, అడవిలో నెగళ్ళు, రోడ్డు మీద ఎంత పొడుగున దండు నడుస్తోంది, ఇవీ వెనక సీటువాడు చూసి రావలసినవి. ఇందులో గూఢం ఏముంది? రెక్కల మీద తెల్లటి వృత్తంలో నీలం స్వస్తిక ఎంత పెద్దదో!

మెట్రో కవి
స్వస్తికా?? ఫిన్లాండ్‌కి?

టాంపెరే తెలుగు
హిట్లర్‌ది కాదు బాబూ. 1918 మార్చిలో ఎరిక్ ఫాన్ రోసెన్ అనే స్వీడిష్ ప్రభువు వాళ్ళకి ఒక థులిన్ డి విమానం దానమిచ్చాడు, దాని మీద తన శుభచిహ్నంగా అది వేసి ఉంది. వాయుసేన అదే గుర్తు పెట్టుకుంది, 1945లో విమానాల మీంచి తీసేసింది. స్వస్తి చెప్పింది అనొచ్చు.

బండి-ర
"గూఢ" పనికిరాదన్నది ఒప్పుకుంటాను. అమరకోశంలో వేగులవాడి పేర్లు చూడండి: "యథార్హవర్ణః ప్రణిధిరపసర్పశ్చరః స్పశః, చారశ్చ గూఢపురుషశ్చ". మొదటి మాటే యథార్హవర్ణుడు, సందర్భానికి తగ్గ వేషం వేసుకున్నవాడు. యూనిఫారం వేసుకుని, సొంత గుర్తుతో ఎగిరేవాడు ఇందులోకి రాడు. 1907 హేగ్ నిబంధనల్లో 29వదీ ఇదే చెబుతుంది: మారువేషం లేకుండా సమాచారానికి వచ్చిన సైనికుడు గూఢచారి కాడు. బెలూన్లో పోయేవాళ్ళనీ అక్కడే మినహాయించారు.

అరసున్న
అంటే మీ స్పశ కూడా పోయింది. అమరుడు స్పశుణ్ణీ గూఢపురుషుణ్ణీ ఒకే పంక్తిలో కూచోబెట్టాడు మరి. శ్లోకం వ్యాసానికే నప్పదు!

బండి-ర
అమరుడు చివర చెప్పినమాట వేదం మొదట చెప్పినమాట కాదు. ఋగ్వేదం మొదటి మండలం 25వ సూక్తం తీయండి. వరుణుడి చుట్టూ స్పశులు కూర్చుంటారు, "పరి స్పశో ని షేదిరే". వాళ్ళకి మారువేషం లేదు, చూడటమే పని. అదే సూక్తంలో కొంచెం పైన, అంతరిక్షంలో ఎగిరే పక్షుల దారి తెలిసినవాడు వరుణుడని ఉంది. ఇంతకన్నా మీ రిపన్‌కి ఏం కావాలి? ఇంగ్లీషు స్పైకీ ధాతువు ఇదే, చూడటమే.

వేగుచుక్క
సంస్కృతం గొడవ మీరు పడండి. తెలుగులో వేగు ఉండగా ఈ అవస్థ ఏమిటి? వేగుచూచు, వేగులవాడు. పైగా వేగుజాములో ఎగిరి వస్తుంది కాబట్టి "వేగు విమానం" రెండిందాలా సరిపోతుంది. నూనెలో వేగడంతో ఎవరూ పొరపడరు.

మెట్రో కవి
టైపింగులో ఒక కొమ్ము జారితే "వేగ విమానం". గంటకి 200 పోయేదానికి అన్యాయం.

టాంపెరే తెలుగు
ఇంకో ముక్క. ప్రపంచంలో మిగిలిన రిపన్ ఒకే ఒక్కటి, ఆర్‌ఐ-140. ఇక్కడి వాయుసేన మ్యూజియంలో ఉంది. ఊరి పేరు తిక్కకోస్కి.

కొల్చారం
తిక్క!

టాంపెరే తెలుగు
తిక్క అంటే వడ్రంగిపిట్ట, కోస్కి అంటే ఏట్లో నీళ్ళు ఉరికే చోటు. సోమయాజి గారికి సంబంధం లేదు.

వేగుచుక్క
పేరుకి లేకపోవచ్చు, విషయానికి ఉంది. విరాటపర్వంలో దుర్యోధనుడి వేగులు దేశాలన్నీ తిరిగి వచ్చి ఏం చెప్పారు? పాండవులు కనబడలేదు, అన్నట్టు విరటుడి బావమరిది కీచకుణ్ణి రాత్రిపూట ఎవరో గంధర్వులు చంపారు. వాళ్ళు తెచ్చిన వార్తలోనే జవాబుంది, తెచ్చినవాళ్ళకి తెలియదు. కొలువులో కూర్చున్న భీష్ముడు మాత్రం ధర్మరాజున్న చోట వానలూ పంటలూ ఎలా ఉంటాయో గుర్తులు చెప్పాడు. విమానంలోంచి ఫొటో తీసేవాడు ఒకడు, భూతద్దం పెట్టి చదివేవాడు ఇంకొకడు, అచ్చం అంతే. ఆ దూతల మాటల్లో కూడా తిక్కన నాటకం నడుపుతాడు చూడండి. మనకి తెలుసు, వాళ్ళకి తెలియదు. మాఘుడు నాలుగు శ్లేషలు కట్టినా ఈ పని చేయలేడు.

బండి-ర
మాఘుడికీ తిక్కనకీ పోటీ పెట్టడం ఎందుకండీ? ఒకడు అక్షరానికి కాపలా, ఒకడు పాత్రకి.

అరసున్న
అక్షరం అన్నారు కాబట్టి. "పదన్యాసా", "సద్వృత్తిః" కూడా శ్లేషలే. వృత్తి అంటే పాణిని సూత్రాల మీది కాశిక, న్యాసం దాని మీద జినేంద్రబుద్ధి రాసిన వ్యాఖ్య అని మల్లినాథుడు. అదే నిజమైతే మాఘుడు జినేంద్రబుద్ధి తర్వాతవాడు. ఈ శ్లోకం మీదే ఆయన కాలం వేలాడుతోంది.

బండి-ర
వేలాడదు. హర్షచరితలో బాణుడు కూడా వ్యాకరణం శ్లేషిస్తూ "కృతగురుపదన్యాసాః" అన్నాడు. న్యాసం అన్న మాట కనబడగానే జినేంద్రబుద్ధే అంటే ఎట్లా?

కొల్చారం
మా ఊరాయన్ని అనుమానిస్తున్నారా?

రాత్రిబండి
అయ్యా, బ్లెన్‌హైమ్‌ల సంగతి ఎవరూ అడగలేదు. 1936లో ఇంగ్లండుకి 18 ఆర్డరిచ్చారు, తర్వాత టాంపెరేలోనే కట్టారు. బాంబులేసేదీ అదే, కెమెరాతో దూరం పోయేదీ అదే. దాన్ని ఏ పేరుతో పిలవాలన్నది ఇంకా కష్టం. ఎడిటర్ పొద్దున్నే అడుగుతారు. ప్రస్తుతానికి "పరిశీలక విమానం" అని పంపేస్తున్నా.

అరసున్న
"పరిశీలక" ఎట్లా అవుతుంది? పరిశీలించేది విమానమా, వెనక సీట్లో మనిషా? "పరిశీలన విమానం" అనండి.

బండి-ర
విమానమే కర్త అయితే తప్పేమిటి? "కత్తి కోసింది" అనమా?

అరసున్న
అది కరణానికి, అంటే పనిముట్టుకి, కర్తృత్వం. కొత్త దారం తీయండి, చెబుతాను.