బేరింగ్ మెషిన్ డెమో చూసి ఇంజన్ ఆయిల్ కొనొచ్చా?

ప్రశ్న – తెనాలి, 150 సీసీ బైక్, బీఎస్6

అన్నలూ నమస్తే, ఒక డౌట్. మా ఊళ్ళో స్పేర్ పార్ట్స్ షాపు ముందు టేబుల్ వేసి ఒక కంపెనీ వాళ్ళు డెమో పెట్టారు. మోటారుకి ఒక స్టీల్ రింగ్ తిరుగుతా ఉంటది, దాని కింద చిన్న గిన్నెలో ఆయిల్, పక్కన లివర్ ఉంటే దాంతో బేరింగ్ రోలర్ తెచ్చి ఆ రింగుకి నొక్కుతారు. మామూలు ఆయిల్ పోసినప్పుడు కొంచెం బరువు పెట్టేసరికే కీచుమని అరిచి మోటార్ పట్టేసింది, అదే ఆయిల్లో వాళ్ళ బాటిల్లోది కాస్త కలిపాక లివర్ మీద మనిషి వాలిపోయి నొక్కినా ఆగలేదు. రోలర్ కూడా చేతికిచ్చారు, మొదటిదానికి పెద్ద గంటు పడింది, రెండోదానికి చుక్కంత మచ్చే. కళ్ళారా చూశాను కాబట్టి నమ్మబుద్ధేస్తుంది, కానీ బాటిల్ రేటు ఆయిల్ రేటు కంటే ఎక్కువ. పోయించమంటారా వద్దా?

జవాబు – మెకానిక్, ఆటోనగర్

వద్దు తమ్ముడూ. నీది గేరు బండి, క్లచ్ ప్లేట్లు అదే ఇంజన్ ఆయిల్లో మునిగి ఉంటాయి. జారుడు పెంచే మందు కలిపితే ఆ ప్లేట్లు కూడా జారొచ్చు, యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తది, బండి మాత్రం లాగదు, తర్వాత క్లచ్ సెట్టు మార్చుకోవాల్సి వస్తుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ళ ప్రమాణం) ఎంఏ లేక ఎంఏ2 అని ఉంటుంది చూడు, అది ఆ క్లచ్ కోసమే పెట్టిన రేటింగు. నువ్వు పైనుంచి ఇంకోటి కలిపాక ఆ రేటింగుకి అర్థం లేదు.

జవాబు – లూబ్రికెంట్ ల్యాబ్‌లో పనిచేస్తాను, హైదరాబాద్

క్లచ్ సంగతి అన్న చెప్పారు, నేను ఆ మెషిన్ సంగతి చెప్తాను, ఎందుకంటే చూసినవాళ్ళందరూ దానికే పడిపోతారు. అది టిమ్‌కెన్ టెస్ట్ అని ల్యాబుల్లో ఉండేదానికి టేబుల్ మీద పట్టేంత చిన్న రూపం. అసలు టెస్టుకి అమెరికా ప్రమాణాల సంస్థ ఇచ్చిన నంబరు ఏఎస్‌టీఎం డీ2782, అది విపరీతమైన ఒత్తిడి తట్టుకునే నూనెల కోసం, అంటే గేర్ ఆయిల్ లాంటివాటి కోసం. అక్కడ స్టీలు దిమ్మెకీ (డెమోలో అయితే రోలర్‌కీ) రింగుకీ మధ్య తాకే చోటు సన్నటి గీత అంత, ఒత్తిడి మొత్తం దాని మీదే పడుతుంది. మన ఇంజన్లో క్రాంక్ షాఫ్ట్ బేరింగులు అలా నడవవు, షాఫ్ట్ తిరిగే స్పీడుకి దాని చుట్టూ ఆయిల్ పొర లేచి ఇనుము ఇనుముకి తాకకుండా ఉంటుంది. ఇనుము ఇనుముకి దగ్గరగా రాసుకునేది వాల్వులు తెరిచే క్యామ్, రాకర్ ఆర్మ్ లాంటి చోట్ల, అక్కడికి జింక్ ఫాస్ఫరస్ ఉన్న యాంటీ వేర్ మందు ఆయిల్ తయారుచేసేటప్పుడే కొలత ప్రకారం కలిపి ఇస్తారు.

మరి మెషిన్ మీద అంత తేడా ఎలా వచ్చింది అంటే, ఇలాంటి బాటిళ్ళలో చాలావాటిల్లో క్లోరిన్ ఉన్న పారఫిన్ వాడుతూ వచ్చారు. బాగా నొక్కుడు, వేడి తగలగానే అది ఇనుముతో కలిసి పైన ఒక పొర కట్టేస్తుంది, ఆ పొర సులువుగా జారుతుంది, అందుకే మోటార్ పట్టదు. బట్టల బ్లీచ్‌లోనూ క్లోరిన్ ఉంది కదా, అది పోసి ఇదే మెషిన్ మీద ఇంజన్ ఆయిల్‌ని ఓడించి చూపించినవాళ్ళు ఉన్నారు, షాంపూతో చేసినవాళ్ళూ ఉన్నారు. ఇంజన్లో బ్లీచ్ ఎవరూ పొయ్యరు! అదే క్లోరిన్ ఇంజన్ వేడికి, లోపల చేరే తేమకి యాసిడ్‌గా మారి బేరింగుల మెటల్ తినేసే ప్రమాదం ఉంది. ఆ మాట డెమోలో చెప్పరు.

ఇంకొకటి, వరస. ముందు మామూలు ఆయిల్ పోసి రోలర్‌కి గంటు పడేలా చేసి, రోలర్ తిప్పకుండా అదే చోట రెండో ఆయిల్ నడిపితే తాకే చోటు అప్పటికే వెడల్పయి ఉంటుంది, ఒత్తిడి తగ్గిపోతుంది, ఏ ఆయిల్ పోసినా నెగ్గుతుంది. తమ్ముడూ నీకిచ్చిన రోలర్ కొత్త ముఖం మీద నడిపారో లేదో చూశావా? ఈసారి వస్తే వాళ్ళదే ముందు నడిపి మామూలుది తర్వాత నడపమని అడుగు, రింగు మధ్యలో శుభ్రంగా కడగమని కూడా.

ప్రశ్న అడిగినాయన

రోలర్ తిప్పింది చూళ్ళేదు అన్నా. వరస మాత్రం మామూలుది ముందు, వాళ్ళది తర్వాత.

జవాబు – లారీ ఓనర్, సూర్యాపేట

అంతా మోసం అంటే ఒప్పుకోను. ఇవి ఎన్నో ఏళ్ళ నుంచి అమ్ముతున్నారు, మా వాళ్ళు కొందరు పోస్తారు, ఇంజన్ సౌండ్ తగ్గిందంటారు.

జవాబు – ల్యాబ్, హైదరాబాద్

అన్నా మీ మాట కాదనను, ఏదైనా చిక్కటిది పోస్తే కొంతకాలం సౌండ్ తగ్గినట్టు ఉంటుంది, కానీ అరుగుదల తగ్గిందని దానర్థం కాదు. ఎన్నో ఏళ్ళు అమ్మారు అన్నదానికి అమెరికా సంగతి చూడండి. 1990ల్లో అక్కడ టీవీల్లో ఇలాంటి ఇంజన్ ట్రీట్‌మెంట్ ప్రకటనలు తెగ వచ్చాయి. వాళ్ళ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో స్లిక్ 50 మీద, 1999లో డ్యూరా లూబ్ మీద, 2001లో జీమ్యాక్స్ మీద కేసులు పెట్టింది. చెప్పినంత అరుగుదల తగ్గుతుందనడానికి తగిన ఆధారం చూపించలేదన్నది వాటిల్లో ఉన్న ఆరోపణ. డ్యూరా లూబ్ విషయంలో క్లోరిన్ లేదని చెప్పడం కూడా అబద్ధమని కమిషన్ ఆరోపించింది. అంటే అమ్మకం వేరు, ఆధారం వేరు.

జవాబు – కారు డ్రైవర్, వైజాగ్

ఫ్రీజర్లో పెట్టి పారించేది, పెనం మీద మరగబెట్టేది కూడా చూస్తుంటాం, అవి కూడా ఇంతేనా?

జవాబు – ల్యాబ్, హైదరాబాద్

ఫ్రీజర్ డెమోలో కొంచెం నిజం ఉంది, చలికి ఏది పారుతుందో కనిపిస్తుంది. కానీ దాన్ని చెప్పడానికే గ్రేడులో డబ్ల్యూ ముందున్న అంకె ఉంది, 5డబ్ల్యూ, 10డబ్ల్యూ అని. 10డబ్ల్యూకి స్టార్టింగ్ టెస్టు మైనస్ 25 డిగ్రీల దగ్గర చేస్తారు, వైజాగ్‌లో మనకి అంత చలెక్కడిది. పెనం డెమోలో అసలు వేడి ఎంతో ఎవరూ కొలవరు. ల్యాబులో నోయాక్ అని ఒకటుంది, 250 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టి ఎంత ఆవిరైందో తూకం వేస్తాం, ఏపీఐ ఎస్పీ ఐఎల్‌ఎస్‌ఏసీ జీఎఫ్-6 ఆయిల్‌కి 15 శాతం దాటకూడదు (ఏపీఐ, ఐఎల్‌ఎస్‌ఏసీ అంటే ఇంజన్ ఆయిల్ నాణ్యత స్థాయిలు పెట్టే సంస్థలు, ఎస్పీ, జీఎఫ్-6 ఆ స్థాయిల పేర్లు). రంగు చూసి కూడా చెప్పలేం, ఆయిల్ నల్లబడింది అంటే మసిని పట్టుకుని తనలో ఉంచుకుంటుంది అని.

అసలు పరీక్షలు ఇంజన్ల మీదే జరుగుతాయి. ఏపీఐ ఎస్పీ రావాలంటే ఒక టెస్టులో ఇంజన్ 90 గంటలు నడుపుతారు, ఆయిల్ దాదాపు 150 డిగ్రీల వేడిలో, పిస్టన్ మీద ఎంత పేరుకుందో, ఆయిల్ ఎంత చిక్కబడిందో చూస్తారు. స్లడ్జ్, అంటే లోపల పేరుకునే జిడ్డు బురద కోసం ఇంకోటి 216 గంటలు. క్యామ్ అరుగుదలకి ఒకటి, టైమింగ్ చెయిన్‌కి ఒకటి. వాటన్నిట్లో పాసయితేనే ఆ పేరు. టేబుల్ మీద రెండు నిమిషాల్లో ఇవేవీ కనబడవు.

ప్రశ్న అడిగినాయన

అర్థమైంది అన్నా, బాటిల్ కొనను. మరి ఆయిల్ ఎలా ఎంచుకోవాలి?

జవాబు – మెకానిక్, ఆటోనగర్

ఓనర్ మాన్యువల్ తియ్యి, అందులో గ్రేడు రాసుంటది, ఏపీఐ స్థాయి, జాసో కూడా. ఆ మూడూ కలిసిన ఏ మంచి కంపెనీ ఆయిలైనా సరే. బీఎస్6 బండికి సైలెన్సర్లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటది, జింక్ ఫాస్ఫరస్ ఎక్కువున్న మందులు పోస్తూ ఉంటే అది పాడవ్వచ్చు, దానికి ఖర్చు బాగా అవుద్ది. ఇంకొక మాట, మన దగ్గర డెమో కన్నా పెద్ద భయం నకిలీ డబ్బాలు. ఖాళీ డబ్బాలు కొని నింపి అమ్మేవాళ్ళు ఉన్నారు. సీలు చూడు, క్యూఆర్ ఉంటే స్కాన్ చెయ్యి, బిల్లు అడుగు, వాడేసిన డబ్బాకి చిల్లు పెట్టి పారెయ్యి.

ప్రశ్న అడిగినాయన

ఇంట్లో నాన్న కారుకి కొన్న 5డబ్ల్యూ-30 కొంచెం మిగిలింది. అది బైక్‌లో టాపప్ చేసుకోవచ్చా?

జవాబు – మెకానిక్, ఆటోనగర్

డబ్బా మీద జాసో ఎంఏ లేకపోతే వద్దు తమ్ముడూ, కారు ఆయిల్లో జారుడు మందు ఉండొచ్చు, క్లచ్‌కి మళ్ళీ అదే గొడవ. ఇంట్లో గేర్లెస్ స్కూటర్ ఉంటే దాంట్లో క్లచ్ ఆయిల్లో ఉండదు కాబట్టి ఆ భయం లేదు, కానీ మాన్యువల్లో ఆ గ్రేడు ఉంటేనే పొయ్యి. లేకపోతే మూత గట్టిగా పెట్టి పక్కనుంచు, కారుకే టాపప్‌కి పనికొస్తది.