కారెమపూడి పద్యం: "కాశి సుమీ"నా, "కాశి గదా"నా?

నాగులేటి గట్టు: కారెమపూడిలో పల్నాటి యుద్ధవీరులను కొలిచే ఉత్సవం వస్తుందంటే, కార్తీక అమావాస్య దగ్గరపడేసరికి శ్రీనాథుడిదని చెప్పే ఈ పద్యం నోట్లో ఆడుతూనే ఉంటుంది. చివరి పాదం దగ్గరే తడబాటు.

వీరులు దివ్యలింగములు విష్ణువు చెన్నుఁడు కల్లిపోతురా
జారయ కాలభైరవుఁడు నంకమశక్తియె యన్నపూర్ణయున్
గేరెడి గంగధార మడుగే మణికర్ణికగాఁ జెలంగు నీ
కారెమపూడి పట్టణము కాశి... పలినాటివారికిన్

ఖాళీలో "సుమీ"నా, "గదా"నా? రెండూ విన్నాను.

యతిమైత్రి: ఏదైనా లగమే (లఘువు, గురువు), యతి "కా"తో ముందే తీరింది. ఛందస్సు తీర్పు చెప్పదు, అర్థమే చెప్పాలి. "గదా" తెలిసినవాడితో అనేది, "సుమీ" తెలియనివాడికి నొక్కి చెప్పేది. ఇక్కడ చెబుతున్నది బయటి ఊరినుంచి వచ్చినవాడికి. కనుక సుమీ.

మాచర్ల మాస్టారు: మా వైపు అందరూ గదా అనే చదువుతారు. అసలు గొడవ మూడో పాదంలో ఉంది. "గేరెడి"ని వేరే ధాతువనుకుని ఎగతాళి అర్థం లాగుతున్నారు. అది కేరెడి. ముందు "అన్నపూర్ణయున్" ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసింది, అందుకే పరుషం "క" సరళం "గ" అయింది. హోరెత్తే మడుగు అని.

నాగులేటి గట్టు: ఆ మడుగులోనే కదా మాస్టారూ, ఇప్పటికీ కొణతాలకు, అదే వీరుల ఆయుధాలకు, స్నానం చేయించేది!

కాశీఖండం: శ్రీనాథుడిదే అయితే కాశి మాట ఊరికే రాదు. కాశి నుంచి వెళ్ళగొట్టిన వ్యాసుణ్ణి తన భీమఖండం కావ్యంలో దక్షారామానికి నడిపించినవాడు ఆయన. మణికర్ణిక అంటే శ్మశానఘట్టం. కాశిలో చచ్చేవాడి చెవిలో శివుడే తారకమంత్రం ఊదుతాడు. నాగులేటి ఒడ్డున నెత్తురోడి పడ్డవాళ్ళకు కవి ఇస్తున్నది కాశీమరణం. అందుకే వాళ్ళు "దివ్యలింగములు". వీరుల గుడిలో నిలిపినవీ లింగాల్లాంటి రాళ్ళే.

యతిమైత్రి: మరి "చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు" అన్నదీ ఆయనే అంటారే! అవే రాళ్ళు ఇక్కడ లింగాలెలా అయ్యాయి? ఒకే కవి మాట కాదు.

కాశీఖండం: అది ఆ పద్యంలోనే చెప్పిన సజ్జజొన్నకూళ్ళు మింగుడుపడని పూట. పైగా అక్కడి "చిల్లర"కు నీచమని అర్థం చెప్పుకోనక్కర్లేదు. చెదురుమదురుగా నిలిపిన వీరగల్లులనే, అంటే వీరుల స్మారక శిలలనే, అంటున్నాడని నా నమ్మకం.

మాచర్ల మాస్టారు: ఆ అర్థానికి ప్రయోగం చూపండి. రెండూ చాటువులు, శ్రీనాథుడి పేరు మీద తిరిగేవి. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం, ఆయన 15వది.

చాపకూడు: పెద్దలు సుమీ, గదాల దగ్గర ఆగారు గానీ, మొదటి మాట చూడండి. బ్రహ్మనాయుడి పేరు లేదు, బాలచంద్రుడి పేరు లేదు, కన్నమదాసు పేరూ లేదు. "వీరులు" అన్న ఒక్క బహువచనంలో అందరూ ఒదిగారు. గుడిలోనూ అంతే. 66 మంది నాయకులంటారు, రాయిని చూసి కులమేదో, హోదా ఏదో చెప్పలేం. ఉత్సవంలో మందపోరు అనే రోజున అందరూ కలిసి తినే చాపకూడు కూడా ఆ వరుసే. పద్యానికి ప్రాణం అక్కడుందని నేననుకుంటాను.

నాగులేటి గట్టు: బాగా పట్టారమ్మా. మొదటి రోజు రాచగావు నుంచి చివరి రోజు కల్లిపాడు దాకా ఐదు రోజులూ వీరగాథలు పాడే వీరవిద్యవంతులు ఆ వీరులను పేరుపేరునా పిలుస్తారు. పద్యం ఆ పని వాళ్ళకే వదిలేసింది.

యతిమైత్రి: రెండో పాదంలో యతి ఎవరూ చూడలేదు. "రాజు + ఆరయ"లోని ఆకారానికి "అంకమ"లోని అకారం. ఇంత నేర్పు చేయి తిరిగినవాడిదే, శ్రీనాథుడు కాకపోయినా.

మాచర్ల మాస్టారు: ఒప్పుకున్నాను. కేరెడి సంగతి మాత్రం రాసుకోండి.

యతిమైత్రి: ద్రుతం సరే మాస్టారూ. "అన్నపూర్ణయున్" దగ్గర వాక్యం ముగిసింది కదా, ఆ పై పాదానికి సరళాదేశం ఎలా పాకుతుంది?