బీటెక్ అయ్యాక 4+1 సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఎంఎస్‌కి అప్లై చేయొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో బీటెక్ ఫైనలియర్. అమెరికాలో 4+1 యాక్సిలరేటెడ్ ఎంఎస్‌కి నేరుగా అప్లై చేయొచ్చా? ఏడాదిలో అయిపోతుందా?

జవాబు: కుదరదండి. 4+1 అంటే నాలుగేళ్ల బ్యాచిలర్స్, ఏడాది ఎంఎస్ కలిపి చదవడం; అది సాధారణంగా అదే యూనివర్సిటీలో బ్యాచిలర్స్ చదివేవాళ్లకే. థర్డియర్‌లో అప్లై చేసి, ఫోర్తియర్‌లో తీసుకున్న కొన్ని గ్రాడ్ (ఎంఎస్ స్థాయి) కోర్సులను రెండు డిగ్రీలకూ లెక్కేయించుకుంటారు. అందుకే వాళ్లకి ఏడాదే మిగులుతుంది. మీరు మామూలు ఎంఎస్‌కే అప్లై చేయండి. 30 క్రెడిట్లయితే సెమిస్టర్‌కి 9 చొప్పున మూడింటికి 27, మిగతా 3 క్రెడిట్ల కోర్సు ఒక్కటి సమ్మర్‌లో.

ఇంకొకరు: సమ్మర్‌లో కోర్ కోర్సులు చాలాచోట్ల పెట్టరు, ముందే షెడ్యూల్ చూసుకోండి. సీపీటీకి (చదువుతుండగానే కోర్సులో భాగంగా ఇంటర్న్‌షిప్ లాంటి పని చేసే అనుమతి) సాధారణంగా ఒక విద్యా సంవత్సరం ఫుల్‌టైమ్ చదివుండాలి. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) సీఐపీ కోడ్ (మీ కోర్సు ఏ రంగమో చెప్పే నంబరు) కూడా చూడండి, 14.0903 అయితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందకొస్తుంది. ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) 24 నెలల పొడిగింపు దాన్నిబట్టే.

ప్రశ్న అడిగినవారు: కోడ్ సంగతి తెలీదండి, థాంక్స్.