పదిహేనేళ్లుగా హోంలో ఉన్న తమ్ముణ్ని ఇంటికి తెచ్చుకోవాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: హనుమకొండ అక్క

అందరికీ నమస్కారం. నా తమ్ముడికి ఇప్పుడు 29 ఏళ్లు. పుట్టుకతోనే మేధోవైకల్యం ఉంది. మాటలు తక్కువే కానీ మనం చెప్పేది చాలావరకు అర్థం చేసుకుంటాడు. మాది పరకాల దగ్గరి పల్లె. వాడికి 14 ఏళ్లప్పుడు తరచూ ఇంట్లోంచి వెళ్లిపోయి చెరువు కట్ట మీద దొరుకుతుండేవాడు. అమ్మానాన్నలిద్దరూ పొద్దున లేస్తే పత్తి చేలల్లో కూలికి పోవలసినవాళ్లు కాబట్టి, నాన్న భయపడి వేరే జిల్లాలోని ఒక హోంలో చేర్పించారు. ఆ నిర్ణయాన్ని నేను ఈనాటికీ తప్పు పట్టను. నాలుగేళ్ల కిందట నాన్న చనిపోయారు, అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. నేను హనుమకొండలో అద్దె ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. మా ఆయన ఆటో నడుపుతారు, మాకొక పాప.

మొన్న దసరాకు తమ్ముణ్ని నాలుగు రోజులు తెచ్చుకున్నాం. మొదటి రోజు పొద్దున స్నానాల గది తలుపు బార్లా తెరిచే ఉన్నా, వాడు తువ్వాలు భుజాన వేసుకుని గడప ఇవతలే నిలబడ్డాడు. నేను సకినాల పిండి కలిపే పనిలో పడి గమనించలేదు. అరగంట తర్వాత వచ్చి చూస్తే అక్కడే ఉన్నాడు. "పోరా, నీళ్లు కాగినయ్" అన్నాకే లోపలికి వెళ్లాడు. ఆ సాయంత్రం చాయ్ తాగుతావా, పాలు తాగుతావా అని అడిగితే జవాబు చెప్పకుండా అమ్మ మొహం వంక, తర్వాత మా ఆయన మొహం వంక చూశాడు. ఇన్నేళ్లలో వాణ్ని ఆ మాట అడిగినవాళ్లు లేరని అప్పుడు తట్టింది. హోం వాళ్లు చెడ్డవాళ్లు కారు, కొట్టరు, వేళకు అన్నం పెడతారు. కానీ తిరిగి పంపే రోజు వాడు తన చెప్పులను బియ్యం బస్తా వెనక దాచిపెట్టాడు. వెతికి తీసి తొడిగింది నేనే.

వాణ్ని తెచ్చుకోవాలని మా ఆయనా నేనూ నిశ్చయించుకున్నాం. బంధువులు మాత్రం "ఆడ సుఖంగ ఉన్నడు, ఎందుకు కష్టం తెచ్చుకుంటున్నవ్" అంటున్నారు. ఊళ్లో అమ్మ దగ్గర ఉంచాలా, హనుమకొండలో మా దగ్గర ఉంచాలా? మేం పనులకు వెళ్లినప్పుడు ఎవరు చూడాలి? ఏ కాగితాలు కావాలి? ఈ దారిలో నడిచినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు: ప్రత్యేక ఉపాధ్యాయుడు, వరంగల్

అమ్మా, మీరు రాసినదాంట్లో ఒక్క మనిషి మాట లేదు, అది మీ తమ్ముడి మాట. చెప్పులు దాచడం ద్వారా అతను కొంత చెప్పాడు, నిజమే. అయినా పండుగ నాలుగు రోజులు ముగిసినందుకు బాధపడడం వేరు, ఎక్కడ బతకాలో ఎంచుకోవడం వేరు. కాబట్టి మొదటి పని అతన్ని అడగడం. మాటలు తక్కువ ఉన్నవాళ్లను ఫోటోలతో అడగవచ్చు. ఊరి ఇల్లు, మీ అద్దె ఇల్లు, హోం గది, ఈ మూడింటినీ ఫోన్‌లో ఫోటో తీసి పెద్ద కాగితాల మీద అచ్చు వేయించండి. ఒకే రోజు కాకుండా, రెండు మూడు వేర్వేరు రోజుల్లో, ఎవరూ తొందరపెట్టకుండా చూపించండి. ప్రతిసారీ ఫోటోల వరస మార్చండి, ఎందుకంటే కొందరు ఎప్పుడూ కుడివైపుదే తీసుకుంటారు.

స్నానాల గది ముందు నిలబడిన సంగతి చదివి నేను ఆశ్చర్యపోలేదు. నేను పనిచేసిన చోట ఒకాయన అన్నం వడ్డించి పక్కన కూర్చున్నా చెంచా ముట్టేవాడు కాదు, గంట మోగాలి. అది అతని వైకల్యం కాదు, యాభై మందిని ఒకే వేళకు లేపి, తినిపించి, పడుకోబెట్టే ఏర్పాటులో పడిన అలవాటు. ఆ అలవాటు ఇల్లు మారగానే పోదు. చిన్న చిన్న ఎంపికలతో, రోజూ, విసుక్కోకుండా పోగొట్టాలి. చాయా పాలా అని నోటితో అడగకుండా రెండు గ్లాసులూ ముందు పెట్టండి, ఏది తీసుకుంటాడో చూడండి. పొద్దున రెండు చొక్కాలు మంచం మీద పరచండి. పది రూపాయలు చేతికిచ్చి మీ గల్లీలోని కిరాణా కొట్టుకు తోడుగా వెళ్లండి, కానీ సరుకు అడిగేది అతనే కావాలి, చిల్లర తీసుకునేది అతనే కావాలి. ఆ దుకాణదారుతో ముందే మాట్లాడి పెట్టుకుంటే, రేపు దారి తప్పినా గుర్తుపట్టే మనిషి ఒకరు ఆ వాడకట్టులో ఉంటారు.

ఒక్కసారిగా తేవద్దు. మొదట ఒక పగలు, తర్వాత ఒక రాత్రి, తర్వాత మూడు రోజులు, ఆ తర్వాత పది రోజులు, ఇలా పెంచుకుంటూ పోవడానికి ఆరు నెలలైనా పట్టవచ్చు. ప్రతి రాకకూ అతను స్వయంగా ఏ పనులు చేశాడో, దేనికి తోడు కావాల్సి వచ్చిందో, దేనికి భయపడ్డాడో ఒక నోటుపుస్తకంలో రాయండి. పగటి తోడు ఎన్ని గంటలు కావాలనేది ఆ పుస్తకమే మీకు చెబుతుంది. మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలు బడి వయసు పిల్లల కోసం కాబట్టి 29 ఏళ్ల మనిషికి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. అక్కడ ఒకసారి పూర్తిగా పరీక్ష చేయిస్తే, అతని నైపుణ్యాల మీద, చేయగల పని మీద రాతపూర్వకమైన సలహా దొరుకుతుంది.

జవాబు: జగిత్యాల తల్లి

చెల్లె, నీ మనసు మంచిది. అయినా నాకు జరిగింది చెప్పకుండా ఉండలేను. నా కొడుకును 22 ఏళ్లప్పుడు హోం నుంచి ఒక్క రోజులో తెచ్చుకున్నాను. నా భర్త దుబాయిలో ఉన్నారు, అత్తగారు మంచంలో ఉన్నారు. నలభై రోజులకే నేను ఓడిపోయి వాణ్ని మళ్లీ అక్కడే దిగబెట్టి వచ్చాను.

ఓడిపోవడానికి వాడి అల్లరి కారణం కాదు. వాడికి మూర్ఛ ఉంది. తెచ్చిన రోజు హోం వాళ్లు ఒక కవరులో మాత్రలు పోసి "పొద్దుగాల ఒకటి, రాత్రి రెండు" అని చెప్పి పంపారు. మందు చీటీ లేదు, మాత్ర పేరు నాకు తెలియదు. పన్నెండో రోజుకు కవరు ఖాళీ అయింది, పదిహేనో రోజు రాత్రి వాడికి వరసగా మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత నేను కంటి మీద కునుకు వేయలేదు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. అందుకని నువ్వు ఆ హోం గేటు దాటేముందు మందుల పేర్లు, మోతాదులు, పాత పరీక్షల కాగితాలు, టీకాల వివరాలు అన్నీ చేతిలోకి తీసుకో. కనీసం నెలకు సరిపడా మందు కొనిపెట్టుకో. మీ దగ్గర ఎంజీఎం పెద్దాస్పత్రి ఉంది కదా, తమ్ముడు రాకముందే అక్కడ చూపించి, ఇకమీదట చూడబోయే డాక్టరు ఎవరో తేల్చుకో.

ఇంకొక మాట, పై సారు అన్నదానికి నేను కొంచెం ఎదురు చెబుతున్నాను. నోటుపుస్తకం రాయాలి, రెండు చొక్కాలు పరచాలి, కిరాణా కొట్టుకు తీసుకుపోవాలి, ఇవన్నీ చేసేది ఎవరు? ఇంట్లో ఉన్న ఆడమనిషే. హోంలో ముగ్గురు నలుగురు వంతులేసుకుని చేసే పని ఒక్క తల్లి మీదో ఒక్క అక్క మీదో పడితే, ఒకరు గోడల మధ్య నుంచి బయటకొచ్చి ఇంకొకరు లోపలికి పోయినట్టే అవుతుంది. రెండోసారి తెచ్చుకున్నప్పుడు నేను పొద్దున తొమ్మిది నుంచి రెండింటి దాకా మా వాడకట్టులోని ఒకామెను జీతానికి పెట్టుకున్నాను. వాడి పింఛను పైసల్లో సగం దానికే పోతుంది. ఇప్పుడు వాడు వచ్చి మూడేళ్లు. నేను బీడీల పని మళ్లీ మొదలుపెట్టాను, వాడు నా పక్కన కూర్చుని కట్టలు లెక్కపెడతాడు. అయిదు దాటితే తప్పు పోతాడు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతాడు. మీ ఆయన ఏ గంటల్లో ఇంట్లో ఉంటారో, రాత్రి తమ్ముడు లేస్తే ఎవరు లేవాలో ఇప్పుడే మాట్లాడుకోండి.

జవాబు: కాజీపేట వాసి

నాకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండని స్థితి) ఉంది, చక్రాల కుర్చీలో తిరుగుతాను, ఈ జవాబును ఒక వేలితో టైపు చేస్తున్నాను. పదకొండేళ్లు ఒక వసతి గృహంలో ఉన్నాను. అక్కడ నాకు తిండికీ బట్టకూ లోటు లేదు. లేనిదల్లా తాళం చెవి. నా పెట్టెకు తాళం ఉండేది కాదు, గదికి లోపలి గడియ ఉండేది కాదు, రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పే స్విచ్ మరొకరి చేతిలో ఉండేది. ఆరేళ్ల కిందట ఇద్దరు స్నేహితులతో కలిసి కాజీపేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు, ఇంటి యజమాని నా చేతిలో తాళం చెవి పెడితే ఆ రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. మీ తమ్ముడికి ఇంట్లో ఒక మూల, ఒక పెట్టె, ఆ పెట్టెకు ఒక తాళం ఇవ్వండి. తెరవడం రాకపోతే నేర్చుకుంటాడు.

ఊరా, హనుమకొండా అన్న ప్రశ్నకు నా ఆలోచన ఇది. అమ్మ ఉందన్న ఒక్క కారణంతో ఊరిని ఎంచుకోవద్దు. అమ్మ తర్వాత కూడా నిలిచే చోటు కావాలి. నడిచి వెళ్లగల దుకాణం, బస్సు, ఆస్పత్రి, పేరు పెట్టి పిలిచే ఇరుగుపొరుగు ఎక్కడున్నారో చూడండి. ఆ ఇరుగుపొరుగు మీ పల్లెలోనే ఎక్కువగా ఉంటే పల్లెనే ఎంచుకోండి, అమ్మకు తోడుగా పగటి మనిషిని పెట్టండి.

సొంత కుటుంబంతోనే ఉండాలన్న నియమం కూడా లేదు. చెన్నైలో 1993 నుంచి పనిచేస్తున్న బనియన్ సంస్థ, ఏళ్ల తరబడి మానసిక వైద్యశాలల్లో ఉండిపోయిన వారిని 2015 నుంచి నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లకు మార్చి, తోడ్పాటు మనుషులను అక్కడికే పంపుతోంది. ఉత్తర తెలంగాణలోనూ అలాంటి ఇళ్లు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మీకు అక్కరలేకపోయినా, ఇది చదివే చక్రాల కుర్చీవాళ్ల కోసం ఒక్క కొలత చెబుతాను. గడప ముందు అరడుగు ఎత్తు ఉంటే వాలు కనీసం ఆరడుగుల పొడవుండాలి. మేస్త్రీలు మూడడుగులు చాలంటారు, ఒప్పుకోవద్దు.

జవాబు: వరంగల్ న్యాయవాది

కాగితాల సంగతి నేను చెబుతాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవారికి సమాజంలో జీవించే హక్కు ఉంది, ఫలానా చోటనే ఉండాలనే నిర్బంధం వారి మీద ఉండకుండా, ఇంటి వద్దకు వచ్చే సేవలూ సహాయకుల తోడూ అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలి. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 19వ అధికరణం కూడా ఇదే చెబుతుంది. మానసిక అనారోగ్యం ఉన్నవారి విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోదనో, ఇల్లు లేదనో ఎవరినీ వైద్యశాలలో కొనసాగించకూడదు.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండగానే తల్లిదండ్రులు చట్టప్రకారం సంరక్షకులుగా కొనసాగరు. సంరక్షకులుగా నియమించమని, మేధోవైకల్యం వంటివి ఉన్నవారి కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ప్రతి జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. నియమితులైన సంరక్షకులు ఆరు నెలల్లోపు ఆస్తి వివరాలు ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. మీ నాన్నగారి భూమి ఏమైనా ఉంటే అందులో తమ్ముడి వాటా రాయించే పని వాయిదా వేయవద్దు. నేను చూసిన తగాదాల్లో సగం అక్కడే పుట్టాయి. అయితే ప్రతి చిన్న విషయానికీ అతని తరఫున సంతకం పెట్టడానికే సంరక్షకత్వం అనుకోకండి. 2016 చట్టం కోరేది అతనితో కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షకత్వం.

మిగిలినవి త్వరగా చెబుతాను. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (వికలాంగుల జాతీయ గుర్తింపు కార్డు), ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం హోం దగ్గర ఉంటే రసీదు ఇచ్చి తీసుకోండి. ఆధార్‌లో హోం చిరునామా ఉంటే ముందుగా దాన్ని మార్పించండి. ఆసరా పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు, 40 శాతం వైకల్యం ఉండాలి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు ఇస్తుంది, చేరడానికి ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు. ఎక్కడైనా అడ్డు పడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, వైకల్యం ఉన్నవారికి అక్కడ న్యాయవాది ఉచితం.

ప్రశ్న అడిగినవారి జవాబు: హనుమకొండ అక్క

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. జగిత్యాల అక్కా, నీ మాట చదివి మా ఆయన రాత్రి వంతులు తానే తీసుకుంటానన్నారు, కాగితం మీద రాసి గోడకు అంటించాం.

నిన్న ఆదివారం మూడు ఫోటోలూ పట్టుకుని రెండోసారి హోంకు వెళ్లాను. మొదటి వారం లాగే నిన్న కూడా తమ్ముడు మా అద్దె ఇంటి ఫోటోనే తీసుకున్నాడు, వరస మార్చినా అదే. కానీ హోం గది ఫోటోను కూడా వదలలేదు. అందులో తన మంచం పక్కనున్న మంచం మీద వేలు పెట్టి, మళ్లీ మా ఇంటి ఫోటో మీద పెట్టాడు. ఆ మంచం ఎవరిదని అడిగితే, తొమ్మిదేళ్లుగా పక్కపక్కనే పడుకుంటున్న ఒక స్నేహితుడిదట. అతని కోసం ఇంటి నుంచి ఎవరూ రారట. ఈ సంగతి మాకు ఇన్నేళ్లుగా తెలియదు.

వచ్చే నెల మొదటి శనివారం తమ్ముణ్ని ఒక రాత్రికి తెస్తున్నాం. స్నేహితుణ్ని కూడా ఒక పూట భోజనానికి పంపుతారా అని మేనేజరు గారిని అడిగాను. రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. రేపు బడికి వెళ్లేముందు ఆ ఉత్తరం పోస్టు చేస్తాను.