‘చదివించెద’, ‘చదివితి’: ప్రహ్లాదుని కథలో ఒక క్రియాపదం ఎదిగిన తీరు

మన చెన్నై తెలుగువాళ్ళ బృందంలో మైలాపూరు నుంచి ఒక సభ్యురాలు నిన్న అడిగిన ప్రశ్న నన్ను రాత్రంతా వదలలేదు. పోతన భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకుతో మాట్లాడుతూ ‘తండ్రీ’ అంటాడు కదా, అది అచ్చుతప్పా అని ఇంట్లో తెలుగు నేర్చుకుంటున్న వాళ్ళ అబ్బాయి అడిగాడట. అది ముద్దు పిలుపు అని ఇక్కడ ఇప్పటికే ఒకరు చెప్పారు, ఆ మాట నిజమే. కొడుకును ‘నాయనా’, ‘తండ్రీ’ అనీ, కూతురిని ‘అమ్మా’, ‘తల్లీ’ అనీ పిలవడం మనకు కొత్త కాదు. మన చుట్టూ ఉన్న తమిళుల ఇళ్ళలోనూ తండ్రి కొడుకును ‘వాప్పా’ (రా, నాన్నా) అని పిలుస్తాడు. అయితే ఆ పిలుపు పద్యంలో ఎక్కడ ఉందో, దానికి ముందు ఏ క్రియలు వచ్చాయో గమనిస్తే, ఒక పిల్లవాడు పెద్దల చేతి కింద ఎలా ఎదిగాడన్న సంగతంతా వ్యాకరణంలోనే కనిపిస్తుంది.

మొదట తండ్రి పద్యం చూడండి.

చదువనివాఁ డజ్ఞుం డగు
జదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!

ఒకే ధాతువు ఐదుసార్లు వచ్చింది. చదవకపోతే ఏమవుతుందో భయం చెప్పి, చదివితే ఏం వస్తుందో ఆశ చూపి, చదవాలి అని విధి నిర్ణయించి, ‘చదివించెద’ అని అధికారం తన చేతిలోకి తీసుకుని, చివరకు ‘చదువుము’ అని ఆజ్ఞాపించి, ఆ ఆజ్ఞ కరకుగా వినపడకుండా ‘తండ్రీ’ అన్నాడు. ఇవి రాక్షసుడి మాటల్లా నాకు ఎప్పుడూ తోచలేదు. బడిలో చేర్చే రోజున ఏ ఇంట్లోనైనా తండ్రి చెప్పే మాటలే ఇవి, దాదాపు ఇదే వరుసలో. హిరణ్యకశిపుణ్ణి మొదటి నుంచీ క్రూరుడిగానే చదివేవారు ఈ పద్యాన్ని అన్యాయంగా దాటిపోతున్నారని నా అభిప్రాయం.

కొంతకాలం గడిచాక తండ్రి పరీక్ష పెట్టాడు. గురువులు ఏం చెప్పారో, ఎలా ‘పఠింపించిరో’ తెలుసుకోవాలని ఉందంటూ, ‘పద్యం బొక్కటి చెప్పి సార్థముగఁ దాత్పర్యంబు భాషింపుమా’ అని అడిగాడు. చుట్టాలు వచ్చినప్పుడు పిల్లవాణ్ణి ముందుగదిలోకి పిలిచి ‘ఒక పద్యం చెప్పు నాన్నా’ అని అడిగే అలవాటు ఇవాళ చెన్నైలో కూడా మన ఇళ్ళలో ఉంది. దానికి వచ్చిన జవాబు ఇది.

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నే
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!

మొదటి పాదంలో కర్త గురువులు. పిల్లవాడు ‘నను’, అంటే కర్మ. రెండో పాదానికి ‘చదివితి’ అంటూ తానే కర్త అయ్యాడు. నాలుగో పాదంలోనూ అదే క్రియ వచ్చింది, కానీ ‘మర్మ మెల్ల’ చదివించినవారు ఎవరో పద్యంలో లేదు. తండ్రి వాడిన క్రియనే తీసుకుని, అందులోని ‘ఇంచు’ను గురువుల వద్దే వదిలేసి, అదే ‘తండ్రీ’తో ముగించాడు. ఆ పద్యంలో అది ముద్దు పిలుపు. ఈ పద్యంలో అది గౌరవం, వరుస, కొంత ధిక్కారం కూడా.

ఈ ‘ఇంచు’ను వ్యాకరణం ప్రేరణార్థకం అంటుంది, అంటే ఒకరి చేత పని చేయించడాన్ని చెప్పేది. ఇదే నగరంలో ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పనిచేసిన పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన వ్యాకరణానికి ‘బాలవ్యాకరణము’ అని పేరు పెట్టారు. పసితనంలో మనకు సంబంధించిన క్రియలన్నీ ఇలాంటివే అనిపిస్తుంది: తినిపించారు, నడిపించారు, పలికించారు, అక్షరాలు దిద్దించారు. మూడేళ్ళ పిల్ల ముద్ద చేతిలోకి లాక్కుని ‘నేనే తింటా’ అన్నప్పుడు ‘ఇంచు’ మొదటిసారి ఊడిపోతుంది. ‘మా వాణ్ణి ఇంజనీరింగ్ చదివిస్తున్నాం’ అనే వాక్యంలో పద్దెనిమిదేళ్ళ వయసులోనూ అది అలాగే అతుక్కుని ఉంటుంది. ఆ వాక్యంలో కర్తలు తల్లిదండ్రులు. చదువుతున్నవాడు ద్వితీయా విభక్తిలో నిలబడి ఉన్నాడు. ఆ మాట వెనుక ఫీజులు కట్టిన కష్టం ఉందని నాకు తెలుసు, కనుక దాన్ని తప్పుపట్టడం లేదు. తమిళంలో దీనికే ‘పడిక్క వెచ్చేన్’ అని రెండు మాటలు వాడతారు. తెలుగులో ఒకే మాటలో చదువూ, చదివించేవారూ కలిసిపోవడం వల్ల వాటిని విడదీయడం మనకు ఇంకా కష్టమేమో.

‘ప్రహ్లాదుడికి మర్మం చెప్పిన పెద్ద ఎవరూ లేరా, నారదుడు ఉన్నాడు కదా’ అని పెరంబూరు సభ్యులు ఒకరు అభ్యంతరం చెప్పారు. ఉన్నాడు, నిజమే. కానీ నారదుడు ప్రహ్లాదుని తల్లి లీలావతికి బోధిస్తున్నప్పుడు ప్రహ్లాదుడు గర్భంలో ఉండి విన్నాడు. తల్లి మరిచిపోయింది, బిడ్డ మరవలేదు. అక్కడ పరీక్ష లేదు, ‘చదువుము’ అనే ఆజ్ఞ లేదు. ఆ విన్నదాన్ని తోటి దైత్యబాలకులకు చెప్పింది కూడా గురువులు తమ ఇంటి పనులకు వెళ్ళి, పిల్లలు తమంత తాముగా ఉన్న సమయంలోనే. పెద్దల నీడ పూర్తిగా లేకుండా పిల్లవాడు ఎదిగాడని కథ చెప్పడం లేదు; ఏ పెద్ద మాటలో ‘ఇంచు’ ఉంది, ఎవరి మాటలో లేదు అన్నది మాత్రం పోతన చాలా శ్రద్ధగా చూపించారు.

కనుక ఆ అబ్బాయికి అచ్చుతప్పు కాదని చెప్పి, రెండు పద్యాలనూ పక్కపక్కన రాసి ఇవ్వండి. రెండో ‘తండ్రీ’ని ఏ గొంతుతో చదవాలో వాణ్ణే తేల్చుకోనివ్వండి. వాడు ఎలా చదివాడో ఇక్కడ రాస్తే నాకు ఎంతో సంతోషం.